కోత పండుగకు కవరు చాలదు

కోస్తాలో సార్వా (వానాకాలం) వరి కోతలు ఒక కొలిక్కి వచ్చేసరికి క్రైస్తవ సంఘాల్లో రెండు రకాల కోత పండుగలు కనిపిస్తాయి. ఒక రకం గుడిలో గుమ్మానికి చెరుకు గడలు కడతారు, స్తంభాలకి అరటి గెలలు వేలాడదీస్తారు. బలిపీఠం ముందు ధాన్యం బస్తాలు, గంపలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు చేరతాయి. రెండో రకం గుడిలో వారం ముందే 'కృతజ్ఞతార్పణ' అని అచ్చేసిన కవర్లు పంచుతారు. ఆదివారం అవి సంచిలో పడతాయి, సాయంత్రానికి ట్రెజరర్ లెక్క చూసి బ్యాంకులో వేస్తాడు. మొదటిది చాదస్తమనీ రెండోది సదుపాయమనీ చాలామంది పెద్దల అభిప్రాయం. సదుపాయమే, కాదనను. కానీ తెలుగు క్రైస్తవులకి కోత పండుగ అంటే ఏమిటో ఆ కవరులో పట్టదు. గింజ గింజగానే రావాలి, గింజగానే ఆకలిగొన్న ఇంటికి చేరాలి అన్నది నా వాదన.

ఈ పండుగ మనకి ఇంగ్లండు మీదుగా వచ్చిందంటారు. ఇప్పుడున్న రూపం వరకు అది నిజమే. 1843లో కార్న్‌వాల్‌లోని మోర్వెన్‌స్టో అనే పల్లె గురువు రాబర్ట్ హాకర్ కోతల కృతజ్ఞతారాధన పెట్టాడు, అది దేశమంతా పాకింది, మిషనరీల పెట్టెల్లో ఇక్కడికీ చేరింది. అక్కడ పొలం ఉన్న రైతు కృతజ్ఞత చెప్పాడు. ఇక్కడ కథ వేరు. ఇక్కడ సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల మాదిగ పల్లెల కూలీలు. పాత ఊరి ఏర్పాటులో పంట కల్లానికి వచ్చిన రోజున వాళ్లు కల్లం అంచున నిలబడేవాళ్లు. చెప్పులు, బొక్కెనలు, నీళ్లు తోడే కపిల తోలు తొండాలు కుట్టినందుకు, ఊరి వెట్టి చేసినందుకు మేర (పంటలో వాళ్ల వాటా) కొలిచి పోసేవాళ్లు. కల్లం ఊడ్చాక మట్టితో కలిసి మిగిలిన గింజలు కూడా వాళ్లకే. అంటే పంట దినాన వాళ్ల పని చెయ్యి చాపటం.

ఆ చెయ్యే గుడిలోకి గంప పట్టుకుని వచ్చింది. దాని బరువు ఎంతో తెలియాలంటే ధాత కరువు గుర్తుంచుకోవాలి. 1876–78 మధ్య ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. కూటి కోసం వచ్చి కలిశారన్న మాట రాకూడదని కరువు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయినా 'బియ్యం క్రైస్తవులు' అన్న ఎగతాళి ఆగలేదు, ఇవాళ్టికీ ఆగలేదు. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్య, పేద సంఘాలు కూడా ఇవ్వటం నేర్చుకోవాలని పట్టుబట్టాడు. పుచ్చుకునేవాడిగా మాత్రమే లోకం చూసిన మనిషికి ఇచ్చేవాడి స్థానం దక్కటమే ఆ పట్టుదల వెనక ఉన్న గౌరవం. గంప నెత్తిన పెట్టుకుని నడవా మధ్యలో నడిచి వచ్చే ముసలమ్మకి ఆ గౌరవం కళ్లెదుట ఉంటుంది. కవరులో అది కనపడదు.

దీనికి వాక్యంలోంచే ఒక అభ్యంతరం తెస్తారు, మంచి అభ్యంతరమే. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయంలో దారి దూరమైతే దశమ భాగాన్ని అమ్మి వెండి చేసుకుని పొమ్మన్నాడు కదా, మరి డబ్బిస్తే తప్పేమిటని. తప్పు లేదు. అయితే ఆ వచనాన్ని సగంలో ఆపకూడదు. అక్కడికి చేరాక ఆ వెండితో మళ్లీ తిండి కొని, ఇంటివాళ్లతోనూ ఆలయ సేవ చేసే లేవీయుడితోనూ కలిసి తిని సంతోషించమన్నాడు. వెండి దారి ఖర్చు తగ్గించటానికే, చివరికి అది భోజనంగా మారాలి. మన కవరు డబ్బు చాలాచోట్ల ప్రహరీ గోడగా మారుతోంది, సౌండ్ సిస్టంగా మారుతోంది. హైదరాబాదు సంఘాల్లో చేను లేని ఉద్యోగులు సూపర్ మార్కెట్‌లో కొన్న ఆపిల్ పళ్లు బలిపీఠం మీద పేర్చటం చూసి నవ్వేవాళ్లున్నారు. నేను నవ్వను. జీతంతో కొన్నదైనా అది తిండే. ఆరాధన కాగానే అవి ఏ హాస్టలుకి, ఏ ఆస్పత్రి వార్డుకి వెళ్తున్నాయన్నదే నా ప్రశ్న.

అదే ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో గంప తెచ్చినవాడు పలకాల్సిన మాటలు కూడా రాసి ఉన్నాయి. నేను కష్టపడ్డాను, పండించాను అని మొదలవ్వవు. నశించిపోతున్న అరామీయుడు నా తండ్రి, ఐగుప్తులో మమ్మల్ని బాధపెట్టారు, మొరపెట్టాం, విన్నాడు, ఈ నేల ఇచ్చాడు, ఇదిగో దాని ఫలం అని వరుస. ఆకలి, వెట్టి ముందు, పంట తర్వాత. ఆ తర్వాత తినవలసినవాళ్ల జాబితా: లేవీయుడు, పరదేశి, తండ్రి లేనివాడు, విధవరాలు. పాస్టరు గారు ఆ జాబితాలో ఉన్నారు, ముందే ఉన్నారు. కానీ ఒక్కరే లేరు.

ఇక ఎంత ఇవ్వాలి? ఇక్కడే కౌలు రైతు నలిగిపోతాడు. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. ఎకరానికి 75 కిలోల బస్తాలు 28 పండాయనుకోండి, అంటే 21 క్వింటాళ్లు. అందులో 12 బస్తాలు మక్తా కింద భూయజమానికి పోతాయి. మిగిలిన 16లో దుక్కి, నారు, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషన్ అద్దె, వడ్డీ. చేతిలో రెండు మూడు బస్తాల విలువ మిగిలితే గొప్ప. పండిన 28 మీద దశమ భాగం అని ప్రసంగ పీఠం మీద నుంచి అడిగితే 2.8 బస్తాలు, అంటే అతని మిగులంతా అదే. ఇలా అడిగే సంఘాలున్నాయి. అలా అడగటం వాక్యం తెలియక, చేను తెలియక. కోత పండుగ కానుక దశమ భాగం కాదు. ఇశ్రాయేలీయుల కోత పండుగైన వారముల పండుగ గురించి ద్వితీయోపదేశకాండము 16లో దేవుడు ఆశీర్వదించిన కొలది, చేతనైనంత స్వేచ్ఛార్పణ అని ఉంది. మక్తా బస్తాలు అతని ఆశీర్వాదం కావు, భూయజమాని గాదెలోవి. ఆ యజమాని విశ్వాసి అయితే ఆ 12 మీద అతను లెక్క చెప్పుకోవాలి.

కొలత కావాలని పట్టుబట్టేవాళ్లకి ఒకటుంది. పేదల కోసం పొలం అంచు కోయకుండా వదలమన్న లేవీయకాండపు ఆజ్ఞకి యూదుల పెద్దలు కొలత లేదన్నారు, కానీ అరవయ్యో వంతుకి తగ్గొద్దన్నారు. 2,100 కిలోల్లో అరవయ్యో వంతు 35 కిలోలు, అర బస్తాకి కాస్త తక్కువ. ఎకరం వేసిన కౌలు రైతుకి అది భారం కాదు.

అంచు వదలటం మిషన్ కోతల కాలంలో కుదరదంటారు. కుదురుతుంది, అదీ తేలిగ్గా. కోత మిషన్ చేలో దిగాలంటే, మూలల్లో తిరగాలంటే ముందు మనుషులు కొడవళ్లతో మూలలు కోసి చోటిస్తారు. ఆ మూలల్లో మిషన్ నడిస్తే కంకులు తొక్కుడుపడతాయి కాబట్టి ఎలాగూ చేత్తో కోయాల్సిందే. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు, అందులో అరవయ్యో వంతు 67. నాలుగు మూలల్లో నాలుగేసి మీటర్ల చదరం వదిలితే 64 వస్తుంది. ఆ మూలల పనలు పరిగె (కోతలో రాలిన కంకులు) ఏరుకునేవాళ్లవి అని ముందే చెప్పి వదిలేస్తే లేవీయకాండము మన చేలో నిలబడినట్టే. బైబిల్లో రూతు కోతవాళ్ల వెనక నడిచి ఏరుకున్నలాంటి కంకులు మిషన్ వెనక రాలవు. మిషన్ విసిరిన గడ్డిలో మిగిలే రాలు గింజల్ని బాతుల మందలు ఏరుకుంటాయి గానీ మనిషి ఏరుకోలేడు. కృష్ణా డెల్టాలో కోతకి రెండు మూడు రోజుల ముందు తడి నేలలో మినుము చల్లే చేలల్లో ఇంకా చేతి కోతే నడుస్తోంది. మిషన్ చక్రాల కింద మొలక పాడవుతుందని. అలాంటి చోట పాత పద్ధతిలోనే పరిగె వదలొచ్చు.

కానుక బస్తా గుడికి బయలుదేరేముందు తీరాల్సిన బాకీ ఒకటుంది. నాట్లప్పటి కూలి, కలుపు కూలి 'ధాన్యం డబ్బులు పడ్డాక ఇస్తాం' అని చాలాచోట్ల ఆపుతారు. డబ్బు నిజంగానే ఆలస్యంగా పడుతుంది, రైతుని ఒక్కణ్ణీ తప్పు పట్టలేం. అయినా కూలివాని కూలి మరునాటి వరకు ఉంచుకోవద్దని ధర్మశాస్త్రం, చేలు కోసినవారికి బిగపట్టిన కూలి మొర పెడుతుందని యాకోబు పత్రిక. కూలి ఆపిన చేనిలోంచి వచ్చిన బస్తా, కూలి ఆగిన మనిషి, ఇద్దరూ ఒకే గుడిలో ఒకే ఆదివారం ఉంటారు మన దగ్గర. పెద్దలు పండుగకి ముందు వారం ఇళ్లకి తిరిగి ఈ ఒక్క విషయం కనుక్కుంటే, ఆ ఆదివారం ప్రసంగం సగానికి తగ్గించినా నష్టం లేదు.

తేదీ దగ్గర జరిగే తప్పు ఇంకోటి. చాలా సంఘాల్లో కోత పండుగ తేదీని పంట నిర్ణయించదు, ప్రత్యేక ప్రసంగీకుడి ఖాళీ నిర్ణయిస్తుంది. తొందరపడితే పచ్చి ధాన్యం వస్తుంది, ఆలస్యమైతే ధాన్యం మిల్లుకి వెళ్లిపోయి నోట్లు వస్తాయి. ఊళ్లో కోతలు ఊపందుకున్నాక రెండు మూడు వారాలకి పెడితే గింజ ఎండి ఉంటుంది, కూలి లెక్కలూ తేలి ఉంటాయి. సంక్రాంతికి పోటీగా ఆ వారమే పెట్టాలన్న పట్టుదల అక్కర్లేదు, సంక్రాంతి కాదని చూపించటానికి ఫిబ్రవరికి నెట్టనూ అక్కర్లేదు.

పచ్చి ధాన్యం సంగతి చాలామంది పెద్దలకి ఆలస్యంగా తెలుస్తుంది. మిషన్ కోసిన గింజలో తేమ 20 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. సర్కారు కొనుగోలుకి 17 దాటకూడదు, నిల్వకి 14కి దిగాలి. తేమ ఉన్న బస్తాలు గుడి వెనక గదిలో ఒకదాని మీద ఒకటి వేసి తాళం పెడితే మూడు నాలుగు రోజుల్లో లోపల వేడెక్కుతుంది. చెయ్యి పెడితే తెలుస్తుంది. తర్వాత గింజ పసుపు రంగుకి మారుతుంది, బూజు వాసన పడుతుంది, బియ్యం నూకవుతుంది. దేవుడి ధాన్యం అని పేరు పెట్టి ఎవరూ తినలేని బియ్యం పంచటం చూస్తుంటాం. గింజ పంటి కింద కటుక్కుమంటే ఎండినట్టన్నది పాత పరీక్ష. దానికంటే నమ్మకమైనది ఉప్పు సీసా: పొడి గాజు సీసాలో మూడో వంతు ధాన్యం పోసి, బాగా ఎండిన ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి, మూత బిగించి నిమిషం పాటు ఊపి పావుగంట ఆగాలి. ఉప్పు గోడకి అంటుకుంటే తేమ 15 శాతం పైనే. ఆ బస్తాని విడిగా పెట్టి బరకాల మీద పలచగా ఆరబోయాలి, గంటకోసారి కాలితో తిరగెయ్యాలి.

ఆరబోస్తే తూకం తగ్గుతుంది. 22 శాతం తేమతో వచ్చిన 75 కిలోల బస్తా 14 శాతానికి ఎండేసరికి 68 కిలోలవుతుంది. ఈ లెక్క తెలియని సంఘాల్లో 'ఏడు కిలోలు ఎవరు తిన్నారు' అని సెక్రటరీ మీద పడతారు. అందుకని రిజిస్టరులో వచ్చిన రోజు తూకం, ఎండాక తూకం రెండూ రాయాలి. రకాలు కలపకూడదు. సన్నరకం సాంబ మసూరిని స్వర్ణతో కలిపి ఒకే రాశి పోస్తే, మిల్లు ఒక గింజకి అమరిస్తే రెండో గింజ విరుగుతుంది, లేదా వడ్లు వడ్లుగానే బయటికొస్తాయి. రకానికో మూల, గోనెకో చీటీ. పాత గోనెల కుట్లలో ముక్కు పురుగు, వడ్ల చిలక దాక్కుంటాయి. ఎండలో తిరగేసి దులిపి, వేపగింజల కషాయంలో ముంచి ఆరబెట్టాకే వాడాలి. బస్తాలు నేల మీద కాక చెక్కల మీద, గోడకి మూర దూరంలో ఉండాలి. మంచి ధాన్యమైతే 75 కిలోలకి 50 కిలోల బియ్యం దిగుతుంది. పండుగ నాటి ప్రేమ విందుకి 200 మందికి 30 కిలోలు చాలు, మిగతాదంతా పంచటానికే.

భూమి లేని ఇంటికి కోత పండుగలో చోటు ఏమిటన్న దానికి మన స్త్రీల సమాజాలు ఎప్పుడో జవాబు కనిపెట్టాయి: పిడికెడు బియ్యం. ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేయటం. ఆడవాళ్ల పిడికిట్లో 40 నుంచి 50 గ్రాములు పడుతుంది. రెండు పూటలా తీస్తే నెలకి సగటున 2.7 కిలోలు, 60 గడపల సంఘంలో సుమారు 160 కిలోలు. ఏ ఇంటి పొయ్యి మీదా లోటు తెలియదు. నా దృష్టిలో తెలుగు క్రైస్తవం దేవుడి పోషణకి ఇచ్చిన జవాబుల్లో ఇంతకంటే తెలివైనది లేదు, ఎందుకంటే కృతజ్ఞత ఏడాదికోసారి కాక పూటకోసారి వస్తుంది. కానీ ఇందులోనూ పుచ్చు పట్టింది. ఇంట్లో సన్నబియ్యం వండుకుంటూ పిడికిలి మాత్రం రేషన్ సంచిలోంచి తీస్తున్నారు. రేషన్ బియ్యమే తినే ఇల్లు రేషన్ బియ్యమే ఇవ్వాలి, అది నిండు కానుక. తినని బియ్యం ఇవ్వటం మలాకీ ప్రవక్త తిట్టిన కుంటి గొర్రె. పైగా ఆ బియ్యాన్ని సంఘం పోగుచేసి అమ్మితే చట్టం దృష్టిలో నేరం. వండి పెట్టటం, పంచటం వేరు.

వేలంపాట మీద నాకు కోపం ఎక్కువ, అందుకే తక్కువ మాట్లాడతాను. గుమ్మడికాయకి, కోడిపుంజుకి, అరటి గెలకి పాట పెట్టటం సరదా, త్వరగా పాడయ్యే సరుకు డబ్బుగా మారటానికి దారి కూడా. ధాన్యాన్ని, బియ్యాన్ని పాటకి పెట్టటమే తప్పు. పాట పెరిగేకొద్దీ అది పేరున్నవాళ్ల మధ్య పందెమవుతుంది, ఆ గింజ అవసరమున్న ఇల్లు నోరు తెరవలేదు. పైగా పాడినవాళ్లలో కొందరు కట్టరు. ఈస్టరు దాకా బాకీలు పుస్తకంలో మురుగుతాయి. పాడినవాడు సరుకు పట్టుకెళ్లేలోపు డబ్బు కట్టాలన్న ఒక్క నియమం పెడితే పాటలు సగానికి దిగుతాయి, బాకీలు సున్నా అవుతాయి. ఎవరెన్ని బస్తాలిచ్చారో మైకులో చదవటం కూడా ఆపాలి. రెండు కాసులు వేసిన విధవరాలి పేరు సువార్తలోనే లేదు.

తుపాను ఏడు సంగతి వేరు. మన సార్వా కోతలూ బంగాళాఖాతం వాయుగుండాలూ ఒకే కాలంలో వస్తాయి. 1977 నవంబరు 19 దివిసీమని, 1996 నవంబరు 6 కోనసీమని ఎవరూ మర్చిపోరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన చేలు, కల్లాల్లో రాశులు నానిపోయాయి. అలాంటి ఏడు కోత పండుగ రద్దు చేద్దామనే మాట పెద్దల కూటంలో వస్తుంది. జరపాలంటాను, దిశ మార్చి. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనిలోని పైరు పంటకు రాకపోయినా అన్న హబక్కూకు చదవొచ్చు, కానీ పంట పోయినవాడి చేత ఆనందించు అని పలికించటానికి కాదు. ఆ ప్రార్థన ప్రవక్త తన కోసం తాను చేసుకున్నది. సంఘం చేయాల్సింది ఆదివారానికి ముందే ఉంది. పడిపోయిన చేలలో కంకి మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చెయ్యటానికి యవ్వనస్తుల చేతికి స్ప్రేయర్లు ఇవ్వాలి. తడిసిన రాశికి క్వింటాకి కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి ఎండ వచ్చేదాకా కాపాడాలి. గుడి వరండా, గుడి ఫ్యాన్లు, పండుగ షామియానాలు ధాన్యం ఆరబెట్టటానికి తెరవాలి.

ఆ ఏడాది కోసమే ముందటి ఏడు కోత పండుగ ధాన్యంలో కొంత విత్తనంగా ఉంచాలి. ఇది చాలా సంఘాలకి తట్టని పని. పంటతో పాటు కౌలు రైతు విత్తనమూ పోతుంది, మళ్లీ అప్పు అక్కడే మొదలవుతుంది. బెరుకులు (వేరే రకం గింజలు) లేని ఒకే రకం ధాన్యం, తేమ 13 శాతానికి దించి, విడి గోనెలో రకం పేరు, కోత తేదీ రాసి పెట్టాలి. నాటే పద్ధతిలో ఎకరానికి 20 నుంచి 25 కిలోల విత్తనం కావాలి, ఒక బస్తా మూడెకరాలకి నారు పోస్తుంది. కీర్తనలో ఏడుస్తూ పోయేవాడి చేతిలో ఉన్నదీ పిడికెడు విత్తనాలే. కోసిన వెంటనే కొన్ని రకాల గింజలు నిద్రలో ఉంటాయి, కాబట్టి మొలక పరీక్ష నెల తర్వాత పెట్టాలి. 100 గింజలు లెక్కపెట్టి తడి గోనెగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ వారానికి విప్పి చూడాలి. 80కి తగ్గితే ఆ బస్తా విత్తనానికి పనికిరాదు, మిల్లుకి పంపి బియ్యంగా పంచేయాలి, దాని చోట ఇంకోటి పెట్టాలి.